పక్షివేట తుపాకి: నూజివీడు తోటల నుంచి కొల్లేరు దాకా

గొట్టం లోపలి గోడ నున్నగా ఉండి, ఒక్క గుండుకు బదులు వందలకొద్దీ సీసపు గుళికల్ని ఒకేసారి విసిరేది పక్షివేట తుపాకి. షాట్‌గన్ అన్నా, పన్నెండు బోరు అన్నా, జంట గొట్టాల తుపాకి అన్నా వాడుకలో చాలావరకు దీన్నే ఉద్దేశిస్తారు. రైఫిల్ గొట్టంలో మెలికలు తిరిగే గాడులుంటాయి. అవి గుండును గిరగిరా తిప్పి దూరం తిన్నగా పంపుతాయి. ఎగిరే పిట్ట మీద ఆ నేర్పు అక్కరకు రాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బాతుకు ఒక్క గుండు తగలడం అదృష్టమే. గుళికల గుంపును దాని దారికి అడ్డంగా పరచాలి. నీటిబాతుకు కావలసిన పరుపు వేరు, అమెరికా అడవుల్లో నేల మీద నడిచే టర్కీ కోడికి కావలసిన పరుపు వేరు. తుపాకి ఎంపికలో మిగతా వాదాలన్నీ ఈ తేడా తరవాతివే. కొనేవాళ్ళు మాత్రం తరచు ముందు తుపాకి చూసుకుని, ఆనక దానికి తగిన పిట్టను వెతుక్కుంటారు.

మెరకా, పల్లమూ

నూజివీడు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా కృష్ణా జిల్లాలో ఉండేది. చిన్న రసాలకూ, పెద్ద రసాలకూ, బంగినపల్లికీ పేరుపడ్డ మెరక నేల ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లు ఈ వైపు మెరకల వాననీటిని మోసుకుపోయి కొల్లేట్లో పోస్తాయి. అక్కడి నుంచి ఉప్పుటేరు గుండా అది సముద్రం చేరుతుంది. మెరక మీద మామిడి, పల్లంలో కొల్లేరు. తోటల్లో పూత మొదలయ్యే రోజులూ, ఉత్తరాది నుంచి వచ్చిన వలస బాతులు సరస్సు మీద గుంపులు కట్టే రోజులూ ఒకటే. అక్టోబరు, నవంబరుల్లో దిగిన పక్షులు కాయ ముదరక ముందే, మార్చికల్లా తిరుగుముఖం పడతాయి.

బ్రిటిషు కాలంలో బాతువేట చలికాలపు వినోదం. కలెక్టర్లు, ఇంజనీర్లు, పోలీసు దొరలు, వాళ్ళను అతిథులుగా పిలిచే జమీందార్లు దానికి పెద్దలు. ఆ వినోదం ఎంతదాకా పోయిందో చెప్పడానికి రాజస్థాన్‌లోని భరత్‌పూర్ లెక్క ఒక్కటి చాలు. 1938 నవంబరులో వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్క రోజులో 4,273 పక్షులు కూలాయి. తెలుగు పల్లె ఈ వేషాన్ని చూసి ఊరుకోలేదు. ఖాకీ నిక్కరు, టోపీ, భుజాన కట్టె తుపాకి వేసుకుని కోతలు కోసే పిట్టల దొర, తెలంగాణలో తుపాకి రాముడు, ఆ వేటగాడి మీద వేసిన వెక్కిరింతే. కట్టె తుపాకికి లైసెన్సు లేదు, దాని గురికి తిరుగూ లేదు.

ఆ వేటగాళ్ళలో కొందరు చదువరులు. పక్షుల మీద మనకున్న తొలి పుస్తకాలు చాలావరకు తుపాకి పట్టినవాళ్ళు రాసినవే. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డన్ తన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా' (1862–64)లో తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. హ్యూమ్, మార్షల్‌ల 'గేమ్ బర్డ్స్' (1879–81) వేటపక్షుల మీద మూడు సంపుటాల గ్రంథం. ఆ తరం వెళ్ళిపోతున్న వేళ, 1946లో, పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి ఆరేడులో గూడకొంగల గూళ్ళను గుర్తించి లోకానికి చెప్పాడు. అది కాల్చి చూసే పక్షిశాస్త్రం కాదు, కూర్చుని చూసే పక్షిశాస్త్రం.

బోరు, తూటా, గుళిక

ఒక పౌను (454 గ్రాములు) సీసాన్ని సమానమైన 12 గుండ్లుగా పోస్తే, వాటిలో ఒకటి సరిగ్గా పట్టే గొట్టం 12 బోరు. వ్యాసం 18.5 మిల్లీమీటర్లు. అదే సీసాన్ని 20 గుండ్లుగా పోస్తే గుండు చిన్నది, గొట్టమూ సన్ననిది: 15.6 మిల్లీమీటర్లు. అందుకే అంకె పెరిగేకొద్దీ తుపాకి చిన్నదవుతుంది. 410 ఒక్కటే ఈ లెక్కకు లొంగదు, అది అంగుళంలో వెయ్యో వంతుల కొలత. కొత్తగా కొనేవాళ్ళు దాన్ని అన్నిటికన్నా చిన్న తుపాకి గనక పిల్లలకు మంచిదనుకుంటారు. గుళికలు తక్కువ పట్టే తుపాకితో ఎగిరే పిట్టను కొట్టడం ఆరితేరినవాళ్ళకే కష్టం.

గుళికల నంబర్లకూ ఇదే తలకిందుల వరస. మన దేశంలో చెలామణీ అయ్యేది ఇంగ్లీషు వరస. ఔన్సు (28.35 గ్రాములు) సీసంలో ఆరో నంబరు గుళికలు 270, నాలుగో నంబరువి 170, బీబీ అయితే 70. ఎస్‌జీ ఎనిమిది, ఎల్‌జీ ఆరు మాత్రమే పడతాయి. పాతవాళ్ళ లెక్కలో ఆరో నంబరు చిన్న బాతులకు, నాలుగో నంబరు పెద్ద బాతులకు, బీబీ హంసజాతి పక్షులకు. అమెరికా వరస వేరు. అక్కడి ఆరో నంబరు ఇక్కడి ఆరో నంబరుకన్నా లావు, ఔన్సుకు 225 మాత్రమే వస్తాయి. డల్లాస్‌లోని తమ్ముడు, నూజివీడులోని అన్న ఫోనులో నంబర్లు చెప్పుకుంటే ఇద్దరూ వేరు వేరు తూటాల గురించి మాట్లాడుతున్నట్టే లెక్క.

తుపాకి బరువుకు తుపాకుల తయారీదారు డబ్ల్యూ.డబ్ల్యూ. గ్రీనర్ పేరుతో ఓ పాత సూత్రం ఉంది: తూటాలోని సీసం బరువుకు 96 రెట్లు. 30 గ్రాముల తూటాకు 2.9 కిలోల తుపాకి. అంతకన్నా తేలికైతే భుజాన్ని తంతుంది, బరువైతే చెయ్యి లాగుతుంది. ఇప్పుడు అమెరికాలో అమ్మే 89 మిల్లీమీటర్ల పొడవు తూటాలో 57 గ్రాముల పైచిలుకు గుళికలుంటాయి. సూత్రం ప్రకారం దానికి అయిదున్నర కిలోల తుపాకి కావాలి. అంత బరువు ఎవరూ మొయ్యరు గనక భుజమే ఆ తేడా భరిస్తుంది. తూటా పట్టే గది 76 మిల్లీమీటర్లు ఉన్న తుపాకితో తీరని పని వేటలో ఏదీ కనబడదు.

గొట్టం పొడవు మీద మన ఊళ్ళల్లో ఓ మొండి నమ్మకం ఉంది, పొడవైన గొట్టం దూరం కొడుతుందని. నల్ల తుపాకిమందు రోజుల్లో అందులో నిజం ఉండేది. ఇప్పటి పొగరాని మందు కొద్ది పొడవులోనే కాలిపోతుంది. పొడవు వల్ల ఒనగూడేది తుపాకిని పిట్ట వెంట సాఫీగా తిప్పగలగడం. 28 అంగుళాల గొట్టానికి ఉన్న గౌరవం అందుకే.

చోక్: అసలు ఎంపిక ఇక్కడే

గొట్టం మూతి దగ్గర ఉండే సన్నని బిగింపును చోక్ అంటారు. గుళికలు ఎంత త్వరగా విడిపోతాయో తేల్చేది అదే. కొలిచే పద్ధతి సులువు: 40 గజాల దూరంలో పెద్ద కాగితం కట్టి కాల్చి, గుళికలు దట్టంగా పడ్డ చోట 30 అంగుళాల వృత్తం గీసి, లోపల పడినవాటిని లెక్కపెట్టాలి. బిగింపు లేని గొట్టం 40 శాతం, ఇంప్రూవ్డ్ సిలిండర్ 50, మాడిఫైడ్ 60, ఫుల్ చోక్ 70 శాతం గుళికల్ని ఆ వృత్తంలో పెడతాయి. ఇవి పుస్తకపు అంకెలు. ఒకే గుర్తు ఉన్న రెండు తుపాకులు కాగితం మీద రెండు కథలు చెబుతాయి. తూటా కంపెనీ మారినా అంతే. అందుకే కాగితం మీద కాల్చి చూడకుండా తుపాకి మంచిచెడ్డలు మాట్లాడేవాళ్ళ మాటకు విలువ తక్కువ.

జంట గొట్టాల తుపాకి గొప్ప ఇక్కడ తెలుస్తుంది. కుడి గొట్టానికి బిగింపు తక్కువ, ఎడమ గొట్టానికి ఎక్కువ. బాతు దగ్గరగా లేస్తే కుడి గొట్టపు మీట, తప్పించుకుని దూరం పోతుంటే ఎడమ గొట్టపు మీట. రెండు దూరాలకు రెండు పరుపులు, నిర్ణయం వేలి కొసన. ఒంటి గొట్టపు పంప్ తుపాకిలో మూడు తూటాలు పట్టినా మూడిటికీ పరుపు ఒకటే.

వేట సాగిన రోజుల్లో కొల్లేరు వంటి నీళ్ళకు ఏది సరిపోయేది? లోతు తక్కువ, కిక్కిస దుబ్బులు గుబురు. పక్షి కనబడేది దుబ్బు మీదుగా లేచాకే. 25 నుంచి 35 గజాల దూరానికి ఇంప్రూవ్డ్ సిలిండర్, మాడిఫైడ్ జత సరిపోయేది. ఫుల్ చోక్‌తో ఆ దూరంలో కొడితే పూర్తిగా తప్పుతుంది, లేదా పక్షి తినడానికి మిగలదు. తాటిదోనె మీద కూర్చుని కాల్చేవాడికి మరో చిక్కు. తన్ను పక్కకు తగిలితే దోనె తల్లకిందులవుతుంది. బరువైన తూటా కన్నా నెమ్మదైన తూటా అక్కడ తెలివైన ఎంపిక.

గురి లెక్క కూడా ఒకటుంది. గుళికలు మూతి దగ్గర సెకనుకు దాదాపు 400 మీటర్ల వేగంతో బయల్దేరి త్వరగా నెమ్మదిస్తాయి. 35 మీటర్లు పోవడానికి సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది. ఈలోగా అడ్డంగా పోయే సూదితోక బాతు రెండు మీటర్ల పైన జరిగిపోతుంది. పిట్ట మీద గురిపెట్టినవాడు ప్రతిసారీ దాని తోక వెనక గాలిని కొడతాడు. గురి దానికి అంత ముందుండాలి. తుపాకి మడమ భుజానికి సరిగ్గా ఒదిగి, చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనితేనే ఈ ముందడుగు అలవాటవుతుంది. ఖరీదైన విదేశీ తుపాకి భుజానికి పొడవైతే ఎందుకూ కొరగాదు.

టర్కీ కోడి సంగతి

మన పెంపకాల్లో కనబడే టర్కీ కోడి మెక్సికోలో మచ్చికైన పక్షి సంతతి, దానికి కత్తి చాలు. అడవి టర్కీ ఉత్తర అమెరికాది. ఒళ్ళంతా కళ్ళున్న పక్షి అంటారు. వసంతంలో వేటగాడు చెట్టు మొదలుకు వీపు ఆనించి కదలకుండా కూర్చుని, పెట్ట కూతను అనుకరించి పుంజును దగ్గరికి రప్పిస్తాడు. అది 20 నుంచి 40 గజాల లోపు నిలబడ్డప్పుడు తలా మెడా గురి. ఒంటి మీద కొడితే దట్టమైన ఈకలు, ఎముకలు గుళికల్ని ఆపి, పక్షి గాయంతో పోతుంది. కాబట్టి పిడికెడు చోటులో వీలైనన్ని గుళికలు పడాలి: ఫుల్ కన్నా బిగువైన ఎక్స్‌ట్రా ఫుల్ చోక్, పొట్టి గొట్టం, రైఫిల్‌కు మాదిరి గురికాయ. బాతు తుపాకికి కావలసిన ప్రతిదానికీ ఇది ఎదురు. రెండు వేటలకూ ఒకే తుపాకి కావాలంటే మూతి దగ్గర చోక్ మరలు విప్పి మార్చుకునేది కొనడమే దారి. 1950 నుంచి వస్తున్న రెమింగ్టన్ 870, 1961 నుంచి వస్తున్న మాస్‌బర్గ్ 500 పంప్ తుపాకులు అక్కడి సామాన్యుల ఎంపిక.

టర్కీ వేటలో ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వేసుకోరు. పుంజు తల రంగులు అవే. పొదల వెనక ఆ రంగు కదిలితే ఇంకో వేటగాడి తుపాకి అటు తిరుగుతుంది.

అమెరికాలోని తెలుగువాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకి దగ్గర ఉంచుకోకూడదు. అయితే చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధానికి మినహాయింపు దొరుకుతుంది. గ్రీన్ కార్డు వచ్చాక ఈ బెడద ఉండదు. బాతువేటకు పదహారేళ్ళు నిండిన ప్రతివాళ్ళూ 1934 నుంచి ఉన్న డక్ స్టాంపు కొనాలి. వలస పక్షుల మీద వాడే తుపాకిలో మూడు తూటాలకు మించి పట్టకూడదు. రాష్ట్రాల నియమాలు వీటికి అదనం.

సీసం

కాల్చిన గుళికల్లో పక్షికి తగిలేవి కొన్నే, మిగతావన్నీ నీటి అడుగుకు చేరతాయి. బాతులు గింజలు నూరుకోవడానికి చిన్న రాళ్ళు మింగుతాయి. ఆ రాళ్ళతో పాటు సీసమూ కడుపులో పడి, కందనకాయలో అరిగి, నెత్తుట్లో కలుస్తుంది. తుపాకి దెబ్బకు దొరకని పక్షి ఇలా ఆ తరవాత చస్తుంది. అమెరికా 1991 నుంచి నీటిపక్షుల వేటలో సీసాన్ని దేశమంతటా నిషేధించింది. బదులుగా వచ్చిన ఉక్కు తేలిక. సీసం సాంద్రత 11.3, ఉక్కు 7.8. అందుకే రెండు నంబర్లు లావు గుళిక వాడాలి. ఉక్కు నలగదు గనక ఫుల్ చోక్ ఉన్న పాత తుపాకుల్లో వాడితే మూతి ఉబ్బుతుంది. బిస్మత్ మెత్తన, ధర ఎక్కువ. టంగ్‌స్టన్ మిశ్రమం సాంద్రత 18 దాకా ఉంటుంది. దాంతో సన్నని తొమ్మిదో నంబరు గుళికలు కూడా టర్కీ తలకు సరిపోతున్నాయి, 20 బోరు తుపాకి 12 బోరు పని చేస్తోంది.

చట్టం వచ్చాక

ఇక్కడిదాకా చెప్పిన వేట భారతదేశంలో నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో వేటకు లైసెన్సులిచ్చింది, చిన్న వేటకు వేరు, పెద్ద వేటకు వేరు. 1991 సవరణ ఆ తలుపు మూసింది. ఇప్పుడు బాతు, కౌజు, పూరేడు, ఉల్లంకి, అడవికోడి, ఏదీ వేటపక్షి కాదు. నేరం రుజువైతే మూడేళ్ళ దాకా జైలు, 2022 సవరణ తరవాత లక్ష రూపాయల దాకా జరిమానా. అభయారణ్యంలో వేటాడితే మూడేళ్ళకు తగ్గని, ఏడేళ్ళు దాటని శిక్ష.

కొల్లేరు విషయంలో ఉచ్చు ఇంకా బిగువు. సరస్సు అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, 1999 అక్టోబరులో అభయారణ్యమైంది. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగు పెట్టకూడదు. దాని చుట్టూ 10 కిలోమీటర్లలో నివసించే లైసెన్సుదారులు తమ పేర్లను అటవీశాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి, కొత్త లైసెన్సు ఇవ్వాలంటే ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి ఒప్పుకోవాలి. నూజివీడు పట్టణం ఆ పరిధి దాటి ఉంది. కొల్లేటి లంక గ్రామాలు పూర్తిగా లోపలే. అక్కడ ఈనాటి దొంగవేట చాలావరకు చప్పుడు చెయ్యని వలలతోనే సాగుతుంది.

తుపాకికి లైసెన్సు 1959 ఆయుధాల చట్టం కింద. వయసు 21 నిండాలి. 20 అంగుళాలకు తగ్గని నున్నని గొట్టం తుపాకిని ఆత్మరక్షణకో క్రీడకో, మూతి నుంచి మందు కూరే తుపాకిని పంట కాపలాకో అడగవచ్చని చట్టంలోనే ఉంది. 2019 సవరణ ఒక మనిషికి మూడు తుపాకుల హద్దును రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచింది. ఎన్నికలొస్తే తుపాకి పోలీస్ స్టేషన్‌లో అప్పగించడం మామూలే. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యులకు మూసుకుపోయింది. చాలావరకు దొరికేవి ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలవీ, బీహార్ ముంగేర్‌లోని లైసెన్సు పొందిన తయారీదార్లవీ, లేదా చేతులు మారిన పాత ఇంగ్లీషు తుపాకులు. తూటాల్లో పుణె దగ్గరి ఖడ్కీ కర్మాగారం చేసే శక్తిమాన్ పేరు ప్రతి లైసెన్సుదారుకూ తెలుసు.

తాత తుపాకి వారసత్వంగా వచ్చినవాళ్ళు కాల్చే ముందు తుపాకి పనివాడికి చూపించాలి. పాత ఇంగ్లీషు తుపాకుల్లో చాలావాటి గది 65 మిల్లీమీటర్లు. 70 మిల్లీమీటర్ల తూటా కూడా అందులో పడుతుంది, కానీ పేలినప్పుడు దాని మూతి విప్పుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. ఇనుమూ ఉక్కూ మెలిపెట్టి చుట్టిన డమాస్కస్ గొట్టం నీటి అలల్లాంటి చారలతో ముచ్చటగా ఉంటుంది. అది నల్ల తుపాకిమందు కాలపు సరుకు, గోడకే అందం.

తోటకు తుపాకి ఏ మాత్రం పనికొస్తుందన్నది ఈ సీమలో ఎప్పుడూ వచ్చే ప్రశ్న. రసాల తోటకు శత్రువులు కోతులు, చిలకలు, గబ్బిలాలు, కొన్ని చోట్ల అడవి పందులు. వీటిలో చాలావాటిని కాల్చడానికి తోట యజమానికి తనంతట హక్కు లేదు. పంట నష్టం చేసే అడవి పంది వంటి జంతువు విషయంలో కూడా అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతించాలి. కాబట్టి కాపలావాళ్ళు చప్పుడునే నమ్ముకుంటారు: డప్పు, టపాకాయ, ఈ మధ్య ప్లాస్టిక్ గొట్టంలో కార్బైడు, నీళ్ళు పోసి పేల్చే గొట్టం. కాయ మగ్గబెట్టడానికి నిషేధించిన కార్బైడే ఇలా మరో దారిన తోటలోకి వచ్చింది. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఇలాంటి గొట్టాలు పిల్లల కళ్ళు పోగొట్టాయి. లోపలికి తొంగి చూసిన క్షణంలోనే అవి పేలవచ్చు.

మట్టి పళ్ళెం

పక్షి లేని పక్షివేట ఇప్పుడు ట్రాప్, స్కీట్ క్రీడలుగా మిగిలింది. యంత్రం విసిరిన మట్టి పళ్ళెం ఎగిరే పిట్టకు మారు. ఒలింపిక్ పోటీల్లో తూటా 24 గ్రాములకు మించకూడదు, పాత బాతు తూటాకన్నా తక్కువే. ట్రాప్ పళ్ళెం షూటర్‌కు 15 మీటర్ల ముందు కందకం నుంచి లేచి 76 మీటర్ల దాకా పారిపోతుంది. అందుకే ఆ తుపాకికి బిగువైన చోక్, గొట్టాలు పక్కపక్కన కాక ఒకదాని మీద ఒకటి, బరువు మూడున్నర కిలోల పైన. స్కీట్‌లో పళ్ళేలు దగ్గరగా అడ్డంగా పోతాయి గనక గొట్టానికి బిగింపు దాదాపు ఉండదు. హైదరాబాదు ట్రాప్ షూటర్ కైనాన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడి, 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత కాంస్యం, జట్టుగా బంగారం గెలిచాడు. గచ్చిబౌలిలో షాట్‌గన్ రేంజి ఉంది. క్రీడకు లైసెన్సు కోరేవాళ్ళు అలాంటి చోట శిక్షకుడి తుపాకితో కొన్ని వందల పళ్ళేలు కాల్చాకే తమ భుజం కొలత, తమకు నప్పే బరువు తేల్చుకోవడం మేలు. అప్పటికి దుకాణంలో అడగవలసింది ఏమిటో తెలిసివస్తుంది.